గోడ ఆరేదాకా

మా అమ్మాయి ఆ అబ్బాయిని చూసి మొట్టమొదట అన్న మాట, "దొంగ!"

దాని తప్పేం లేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి దాని మంచం హాల్లో ఉంది. బట్టల బీరువా వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉంది. దాని గది తలుపుకి నిలువునా ప్లాస్టిక్ షీటు, మధ్యలో జిప్పు. ఆ జిప్పు సర్రున తెరుచుకుని, తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు, మొహానికి రెండు డబ్బాల మాస్కు తగిలించుకున్న మనిషి ఒకడు దాని దిండు సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. ఎవరైనా ఏమనుకుంటారు?

"అమ్మా, దొంగ!" అని గొడుగు ఎత్తింది.

అతను మాస్కులోంచి ఏదో గొణిగాడు. అర్థమయ్యేలోపు గొడుగు భుజం మీద పడింది. అప్పుడు మాస్కు తీశాడు. జుట్టంతా చెమటకి అతుక్కుపోయి ఉంది, ముక్కు మీద మాస్కు అచ్చు.

"మేడమ్, దొంగలు గుమ్మానికి జిప్పు కుట్టి మరీ దొంగతనం చేస్తారా?" అన్నాడు భుజం రుద్దుకుంటూ.

"నా దిండు ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"చెత్తలోకి."

"అది నా దిండు!"

"దిండు మీదే. లోపల కాపురం పెట్టింది మాత్రం మీరు కాదు," అని తిప్పి చూపించాడు. వెనక వైపు నల్లటి చుక్కలు, మిరియాల పొడి చల్లినట్టు.

నేను వంటింట్లోంచి రాలేక, బీరువా పక్కనుంచి తల మాత్రం బయటపెట్టి అరిచాను. "అతను బూజు తీసే అబ్బాయే! నేనే పిలిపించాను! కొట్టకు, కేసవుతుంది!"

పిలిపించానంటే ఊరికే పిలిపించలేదు. మా అమ్మాయి రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుంటుంది. ఏ రైలు ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పేది అదే. వాళ్ళ నాన్న అందుకే దాన్ని చిలకా అని పిలుస్తారు. రెండు నెలల్నుంచి చిలకకి దగ్గు. "మూడో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి" అని ఒక దగ్గు, "మరి కొద్దిసేపట్లో" అని ఇంకో దగ్గు. పేరు కూడా పలకలేని జబ్బులన్నీ నా తలలోకి వచ్చి కూర్చున్నాయి. రాత్రిళ్ళు దాని ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని. ఆఖరికి డాక్టరమ్మ మందు చీటీ పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఎక్కడైనా చెమ్మ ఉందా?" అని అడిగింది.

ఇంటికొచ్చి మా ఆయనా నేనూ బీరువా జరిపాం. వెనకాల గోడ మీద నల్లగా, పెద్ద పటంలా పాకి ఉంది. దాని మంచం తల వైపు గోడ అదే. ఆ పూటే చెమ్మ, బూజు తీసే కంపెనీకి ఫోన్ చేశాను. మర్నాడే ఈ అబ్బాయొచ్చాడు.

ఆ సాయంత్రం దాని గదిలో గోడ పెచ్చులు గీకడం, మందు పట్టించడం అయ్యాక, అతను తేమ కొలిచే చిన్న మీటర్ ఒకటి తీశాడు. రెండు సూదులుంటాయి దానికి. గోడకి ఆనించాడు. ఇరవై ఏడు.

"పైపు పగిలిందా?" అన్నాను. "ఇల్లు కూలిపోతుందా?"

"కూలదమ్మా. పైపులు బాగానే ఉన్నాయి. ఈ ఇంటికి ఊపిరాడటం లేదు, అంతే. ఆ కిటికీ ఎప్పుడు తెరిచారు?"

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన పేపరు దించకుండానే, "ఇల్లు కొన్నప్పుడు తెరిచే ఉంది," అన్నారు.

ఏం చేయమంటారు? తెరిస్తే దొంగలు. తెరిస్తే దుమ్ము. వానొస్తే జల్లు, వాన లేకపోతే దోమలు. ఉతికిన బట్టలు బయట వేస్తే గాలికి ఎగిరిపోతాయని గదిలోనే తాడు కట్టి ఆరేసేదాన్ని. అదంతా చెప్పాను. అతను నవ్వలేదు. నోటు పుస్తకంలో రాసుకున్నాడు. అక్కడే నాకు కొంచెం నచ్చాడు.

"తేమ లాగే మెషిన్ పెట్టి వెళ్తున్నాను. పొద్దునా సాయంత్రం దీని డబ్బాలో నీళ్ళు పారబోయండి. కిటికీ రోజుకి రెండు గంటలు తెరవండి. గోడని మాత్రం ఎవరూ ముట్టుకోకండి. నీళ్ళొద్దు, రంగొద్దు. శనివారం శనివారం వచ్చి చూస్తాను. పదిహేను కిందికి దిగిన రోజు నా పని అయిపోయినట్టు."

"అంటే మీరు మళ్ళీ వస్తారా?" అంది మా అమ్మాయి. ఇంకా కోపంగానే.

"గోడ ఆరేదాకా వస్తాను మేడమ్. మీరు గొడుగు దాచెయ్యండి."

మొదటి శనివారం ఇరవై రెండుకి దిగింది. మా అమ్మాయి దగ్గు కూడా సగానికి తగ్గింది. టీ ఇచ్చాను. కప్పు అందుకుంటూ, "మేడమ్, ఒక మాట అడగొచ్చా? 'ప్రయాణికులకు విజ్ఞప్తి' అనండి," అన్నాడు.

"ఎందుకు?"

"అనండి."

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది, మైకు గొంతుతో.

అతని కప్పు సాసర్‌లో టకటకలాడింది. "మీరేనా! రోజూ పొద్దున్నే ఏడూ నలభై బండికి వెళ్తాను నేను. ఈమధ్య ఆ గొంతు దగ్గుతుంటే, ఎవరింట్లోనో గోడ పాడైనట్టుందని అనుకునేవాణ్ణి."

"గొంతు వింటే గోడ గుర్తొస్తుందా మీకు?"

"మా పనే అంత మేడమ్. మంచి సినిమాకెళ్ళినా హాలు సీలింగు చూస్తాను."

అది నవ్వింది. రెండు నెలల తర్వాత దగ్గు రాకుండా నవ్వడం అదే మొదలు. నాకు సంతోషమేసింది. వెంటనే భయమూ వేసింది. కుర్రాడు మంచివాడే, కానీ రోజంతా ఆ బూజులో ఉంటాడు, ఆ మందులు పీలుస్తాడు, నిచ్చెనలెక్కుతాడు. వీడి ఊపిరితిత్తుల సంగతేంటి? వీళ్ళమ్మ ఎలా నిద్రపోతుందో! ఎవరూ ఏమీ అడక్కుండానే నా తల ఇరవయ్యేళ్ళు ముందుకెళ్ళి వచ్చింది.

రెండో శనివారం మీటర్ ఇరవై నాలుగు చూపించింది. మూడో శనివారం ఇరవై ఐదు.

"దిగాల్సింది ఎక్కుతోందేంటి?" అని అతను తల గోక్కున్నాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

ఆ మొదటి శనివారం దాటినప్పట్నుంచి, రోజూ పొద్దున మా అమ్మాయి డ్యూటీకి వెళ్ళగానే, నేను ఒక గిన్నెలో వేడినీళ్ళు, కాస్త సబ్బు వేసుకుని ఆ గోడ తుడిచేదాన్ని. ముట్టుకోవద్దన్నాడని తెలుసు. కానీ ఆ గోడ చూస్తే కళ్ళకి చుక్కలే కనబడేవి. లేనివి కూడా. మళ్ళీ మొలుస్తున్నాయేమోనని ప్రాణం నిలిచేది కాదు. గుడ్డ గట్టిగా పిండి తుడుస్తున్నానుగా, అదేం తడి అనుకునేదాన్ని. మీటర్ ఎక్కిందని తెలిసి ఇంకా భయపడి సాయంత్రం కూడా తుడవడం మొదలుపెట్టాను. నేను తుడిచేకొద్దీ అది ఎక్కేది, అది ఎక్కేకొద్దీ నేను తుడిచేదాన్ని. గీకిన గోడ నీళ్ళని ఎంత తాగుతుందో నాకేం తెలుసు?

ఎవరికీ చెప్పలేదు. చెబితే మా అమ్మాయి అరుస్తుంది.

ఈ లోపల వాళ్ళిద్దరి లెక్కలు వేరే దారిలో నడిచాయి. ఒకరోజు అది వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని గొంతు తగ్గించి అడుగుతోంది. "నాన్నా, ఆ మీటర్‌లో నంబర్ ఎక్కువ చూపించేలా చెయ్యొచ్చా?"

"ఎవరు చేస్తారమ్మా?"

"ఏమో. మళ్ళీ మళ్ళీ రావాలనుకునేవాళ్ళు."

మాట అయితే ఫిర్యాదే. మొహం మాత్రం పండగలా ఉంది.

నాలుగో శనివారం ఆ అబ్బాయి వంటింట్లోకొచ్చి, ఖాళీ కప్పు కడుగుతూ, "అమ్మా, ఇంట్లో స్ప్రే బాటిల్ ఏదైనా ఉందా? మేడమ్ మొక్కలకి నీళ్ళు కొట్టేలాంటిది?" అన్నాడు.

"లేదు బాబూ. మొక్కలుంటే పాములొస్తాయని నేనే పెంచనివ్వను."

"ఊరికే అడిగాను," అని కిటికీలోంచి వాన చూస్తూ తనలో తాను నవ్వుకున్నాడు. కడిగిన కప్పునే మళ్ళీ కడిగాడు.

అతను రావడానికి అతనే నంబర్లు పెంచుతున్నాడని మా అమ్మాయి అనుకుంటోంది. తను రావాలని ఇదే నీళ్ళు కొడుతోందని అతను. ఇద్దరూ అవతలివాళ్ళ దొంగతనం కనిపెట్టేశామని లోలోపల మురిసిపోతున్నారు. మధ్యలో సబ్బు గిన్నెతో నేను.

నోరు తెరవాలని రెండుసార్లు అనుకున్నాను. శనివారం వస్తోందంటే అది తలస్నానం చేసి, గదిలో ఉన్నవే నాలుగు వస్తువులు పదిసార్లు సర్దేది. అది చూసి ఊరుకున్నాను. అదీ నిజమే. దాచను.

ఐదో శనివారం ఇరవై ఆరు. అతను నంబర్ రాసుకుంటుండగా ఫోన్ మోగింది. చేతికి గ్లౌజులుండటంతో స్పీకర్ నొక్కాడు. వాళ్ళ పై ఆఫీసరమ్మ.

"ఆ గోడ ఇంకా ఆరలేదా? మూడు వారాల పనికి ఐదు వారాలు! నేను వచ్చే నెల నిన్ను టీమ్‌కి హెడ్డుని చేద్దామనుకుంటుంటే నువ్వు ఒక్క గది ఆరబెట్టలేకపోతున్నావు. ఇంతకీ కారణమేంటి? ఆ ఇంట్లోవాళ్ళు ఏమైనా నీళ్ళు తగలనిస్తున్నారా?"

అతను మా అమ్మాయి వైపు చూశాడు. ఒక్క క్షణమే. "లేదు మేడమ్. వాళ్ళు చాలా జాగ్రత్తగా ఉన్నారు. నాదే తప్పు. నేనే సరిగ్గా గీకినట్టు లేను."

"అయితే ఆ ఇంటికి సోమవారం ఇంకొకరిని పంపిస్తాను. నిన్ను దూరం బ్రాంచికి వేస్తున్నా. అక్కడ కొన్నాళ్ళు పని నేర్చుకో."

ఫోన్ పెట్టేసింది.

మా అమ్మాయి మొహం తెల్లబోయింది. "అలా ఎందుకు చెప్పారు? తగ్గించి రాసుకుంటే పోయేదిగా! మీకు పిచ్చా?"

"తగ్గించి రాయడమేంటండీ? ఉన్నది రాశాను."

"అంటే... నిజంగానే ఇరవై ఆరా?"

"మీకు తెలియదా?" అన్నాడు మెల్లగా. గోడ మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీశాడు. "ఈ గీత దాకానే తడి. పైన పొడి. నేల నుంచి పాకే చెమ్మ ఇంత ఎత్తు రాదు. పైకప్పు నుంచి దిగితే పైన పొడిగా ఉండదు. ఇది మనిషి చెయ్యి అందినంత మేర తడి. ఫర్వాలేదు మేడమ్, నేనేం అనుకోను. నాకు... బాగానే అనిపించింది."

"నేనా?" అంది అది. గోడ దగ్గరికెళ్ళి చెయ్యెత్తింది. దాని వేళ్ళు గీత కంటే జానెడు పైకెళ్ళాయి. పొడుగులో అది వాళ్ళ నాన్న పోలిక.

ఇద్దరూ ఆ చేతికేసి, ఆ గీతకేసి చూస్తున్నారు. పేపరు చేత్తో పట్టుకుని మా ఆయన కూడా గుమ్మంలోకొచ్చారు.

ఊరుకుంటే ఆ పిల్లాడు చెయ్యని తప్పు మోసుకుని ఊరొదిలి పోతాడు. నేను వెళ్ళి గోడ పక్కన నిలబడి చెయ్యెత్తాను. నా వేళ్ళు సరిగ్గా గీత మీద ఆగాయి.

"రోజుకి రెండుసార్లు," అన్నాను. "సబ్బు వేసి. గట్టిగానే పిండేదాన్ని."

"అమ్మా!"

"మళ్ళీ వస్తుందేమోనని భయమేసిందే."

మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగుతోంది. నవ్వుతున్నారు ఆ మనిషి, అలాంటి సమయంలో!

మా అమ్మాయి అతని వైపు తిరిగింది. "అయితే మీరు నంబర్లు పెంచలేదా?"

"మీరు నీళ్ళు కొట్టలేదా?"

"నేనెందుకు కొడతాను?"

"నేను మాత్రం ఎందుకు పెంచుతాను?"

అనేశాక ఇద్దరికీ అర్థమైంది, తాము ఏం ఆశపడ్డామో తామే బయటపెట్టుకున్నామని. అది కందగడ్డలా ఎర్రబడి కిటికీ వైపు తిరిగింది. అతను మీటర్‌ని పెట్టెలో పెట్టబోయి కింద పడేశాడు. ఏరుకుని, "వస్తానమ్మా," అని గోడకి చెప్పి వెళ్ళిపోయాడు.

నేనే ఆ ఆఫీసరమ్మకి ఫోన్ చేశాను. తప్పు నాదని, అబ్బాయిని ఎక్కడికీ పంపొద్దని, కావాలంటే కాగితం మీద రాసిస్తానని చెప్పాను. ఆవిడ, "అమ్మా, గుడ్డ మీ పక్కింట్లో దాచండి. రెండు వారాలు ఇస్తున్నాను," అంది.

ఆ రెండు వారాలు నేను పడ్డ అవస్థ ఆ గోడకే తెలుసు. చేతులు దురద పెట్టేవి. గది బయట కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. కిటికీ తెరిచేదాన్ని. తెరిచి, పక్కనే కాపలా కూర్చునేదాన్ని.

గోడ కంటే నా బిడ్డ మొహం ఎక్కువ భయపెట్టింది. దగ్గు పూర్తిగా పోయింది. మాట కూడా పోయింది. మైకులో చెప్పాల్సినవి చెప్పొచ్చి, ఇంట్లో మూగగా ఉండేది.

"ఫోన్ చేసి మాట్లాడవే," అన్నాను.

"ఏమని? మీరు నా కోసం అబద్ధం చెప్తున్నారనుకుని సంతోషపడ్డాను, చెప్పలేదని తెలిసి ఏడుపొచ్చింది, అనా?"

"అదే చెప్పు."

"నువ్వు చెప్పడం తేలికమ్మా."

మధ్యలో వచ్చిన శనివారం అతను పద్దెనిమిది అని రాసుకుని, టీ వద్దని, నిమిషంలో వెళ్ళిపోయాడు. ఆఖరి శనివారం మళ్ళీ వచ్చాడు. నాలుగు చోట్ల సూదులు ఆనించాడు. పదమూడు. పద్నాలుగు. పదమూడు. పదమూడు.

"ఆరిపోయిందమ్మా," అన్నాడు. గోడ ఆరితే ఎవరైనా అంత దిగాలుగా చెప్తారా?

మెషిన్ సర్దాడు. వైరు చుట్టాడు. విప్పి మళ్ళీ చుట్టాడు. పెన్సిల్ గీత రబ్బరుతో చెరిపేశాడు. మా అమ్మాయి గుమ్మానికి ఆనుకుని వేళ్ళు విరుచుకుంటోంది. వానాకాలం చివరి జల్లేమో, బయట సన్నగా పడుతోంది. నేను కిటికీ మూయలేదు. ఆ రోజు నాకు అంతకంటే పెద్ద భయాలున్నాయి.

చివరికి అతను అట్టకి తగిలించిన ఫారం తీసి నాకిచ్చాడు. పని పిలిచింది నేను కాబట్టి సంతకం నాదే. నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది. కళ్ళజోడు కూడా ఎక్కడో పెట్టాను. "ఇది చదివి పెట్టవే," అని మా అమ్మాయికిచ్చాను.

అది చదివింది. "పని పూర్తయిందా? అవును. గది శుభ్రం చేసి ఇచ్చారా? అవును." పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగింది. తర్వాత ఏదో రాసి, ఫారం నాకివ్వకుండా అతనికిచ్చి, తలొంచుకుంది.

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. మాస్కు లేకపోయినా ఆ మొహంలో ఊపిరాడని ఎరుపు.

"ఏంటది? ఏమైనా తప్పు రాసిందా?" అని లాక్కున్నాను. కళ్ళజోడు నా తల మీదే ఉందట, మా ఆయన చూపించారు. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను.

'మా మనిషి మళ్ళీ రావాల్సిన అవసరం ఉందా?' అని అచ్చులో ఉంది. 'ఉంది' మీద టిక్కు. పక్కన 'కారణం' అన్నచోట మా అమ్మాయి గుండ్రటి అక్షరాలు: 'గోడ కోసం కాదు.'

కింద నా సంతకానికి ఖాళీ.

అది నా వైపు చూస్తోంది. అతనూ నా వైపే చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళు నేను దాన్ని వానలో తడవనివ్వలేదు, గాలికి వదల్లేదు. ఆ పెన్ను పట్టుకునేసరికి నాకున్న భయాలన్నీ ఒక్కసారి వరసగా వచ్చి నిలబడ్డాయి.

"బాబూ, మాస్కు లేకుండా ఎప్పుడైనా పని చేశావా?"

"ఎప్పుడూ లేదమ్మా."

"మందుల వాసన పీలుస్తావా?"

"పీల్చను. ఆర్నెల్లకోసారి ఛాతీకి టెస్టు చేస్తారు. రిపోర్టు తెచ్చి చూపిస్తాను."

"ఆ ఫోన్లో తప్పు నీదని ఎందుకన్నావు?"

అతను మా అమ్మాయిని చూశాడు. "మేడమ్ పేరు చెప్పడానికి నోరు రాలేదు."

"ఇంకా మేడమేనా?" అంది అది, నేల చూపులు చూస్తూనే.

మా ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నారు. "సంతకం పెట్టవే," అన్నారు. "రాయడంలో తప్పులేమీ లేవు."

పెట్టాను. బ్యాంకులో పెట్టినట్టు ఇంటిపేరుతో సహా, మెల్లగా, చివరి అక్షరం దాకా. ఒక్క అక్షరమూ గీత దాటలేదు.

అతను ఆ ఫారం మడత పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. సంచిలోంచి ఇంకోటి తీశాడు. "ఇది ఆఫీసుకమ్మా. ఇందులో అవసరం లేదని పెట్టండి. లేకపోతే వాళ్ళు ఇంకెవరినైనా పంపిస్తారు."

దాని మీద కూడా పెట్టాను. రెండూ నిజాలే.

మెట్లు దిగుతున్నవాణ్ణి వెనక్కి పిలిచి, "వచ్చే శనివారం ఇంకా పెద్ద వానట," అన్నాను. "రైళ్ళు ఆలస్యమవుతాయి. పొద్దున్నే బయల్దేరి వచ్చెయ్యి."